చాచా బిగించిన చైన్ గైడ్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పినపాక వైపు అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. అక్కడ రెండేళ్లు ఉన్న విదేశీ డాక్టరొకాయన తన దేశం వెళ్లిపోతూ, కొండలు దిగడానికి తెచ్చుకున్న సైకిల్‌ని నాకు వదిలేశాడు. ముందూ వెనకా స్ప్రింగులు, లావు టైర్లు, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. అప్పటికే పాతబడిన బండి. దాన్ని చూసి ఊళ్లో పిల్లలు మోటారు ఎక్కడుందని అడిగేవాళ్లు.

వారానికి రెండు రోజులు నేను కొండమీది గూడేలకు వెళ్లి, జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి రక్తం స్లైడ్ల మీద తీసుకొచ్చేవాణ్ణి. పైకి వెళ్లేటప్పుడు సైకిల్ నెట్టుకుంటూ పోవడం, వచ్చేటప్పుడు ఎక్కి దిగడం. నాకు తోడుగా పై గూడెం నుంచి ఒక ఆరోగ్య కార్యకర్త ఉండేవాడు. కోయాయన, నాకన్నా ఐదారేళ్లు పెద్ద. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. నాకు రాని కోయ మాటలన్నీ ఆయనే మాట్లాడి, భయపడే ముసలమ్మల చేత కూడా వేలు చాపించేవాడు.

సైకిల్‌తో ఒకటే బాధ. దిగేటప్పుడు రాయి తగిలి వెనక చక్రం ఎగిరితే చాలు, చైన్ ఊడిపోయేది. ఒక్క దిగుడులో నాలుగైదుసార్లు ఆగాల్సి వచ్చేది. గ్రీజు చేతులతో స్లైడ్ల పెట్టె ముట్టుకోకూడదు, కడుక్కోవడానికి వాగు దాకా నీళ్లుండవు. డాక్టర్ వదిలిపోయిన సామాన్లలో గుడ్డలో చుట్టిన వస్తువొకటి కనిపించింది. అరచేతికన్నా కొంచెం పెద్దదైన అల్యూమినియం ప్లేటు, దానికి పైనొక రోలరు, కిందొక రోలరు. చైన్ గైడ్ అంటారని, చైన్‌ని పట్టి ఉంచి జారకుండా చూస్తుందని ఆయన ఒకసారి చెప్పిన గుర్తు. కానీ దాన్ని బిగించే తీరిక ఆయనకే దొరకలేదు.

మణుగూరు బజారులో ఇద్దరు మెకానిక్కులు దాన్ని చూసి చేతులెత్తేశారు. మూడోవాడు చాచా. తండ్రి కాలం నుంచీ కిరాయి సైకిళ్ల షాపు నడుపుతున్న ముస్లిం కుటుంబం వాళ్లది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ప్లేటుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"ఏంది బేటా ఇది? సైకిల్‌దా, కుట్టుమిషన్‌దా?"

"చైన్ పడకుండ పెట్టేది చాచా. ఎట్ల పెట్టాల్నో నాకు తెల్వదు."

"నాకూ తెల్వదు. ఇడిసిపెట్టి పో, చూస్త."

మూడోనాడు వెళ్లేసరికి ఆయనకు దాని సంగతంతా తెలిసిపోయింది. పెడల్ ఇరుసుకి కుడివైపున్న కప్పు విప్పి, దాని వెనక ప్లేటుని ఇరికించి బిగించాలి. ప్లేటు రంధ్రం కాస్త ఇరుకుగా ఉందట, గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీశాడు. ముందున్న పళ్ల చక్రాలు మూడింటిలో రెండు తీసేసి ఒక్కటే ఉంచాడు. ఇక మిగిలింది కింది రోలర్.

"ఎక్కి కూర్చో. ఎగురు," అన్నాడు.

నేను సీటు మీద కూర్చుని స్ప్రింగులు కుంగేలా ఎగురుతుంటే, ఆయన గోనెసంచి పరుచుకుని నేల మీద పడుకుని, చైన్ ఎటు జరుగుతోందో చూశాడు. లేచి రోలర్ వెనక ఒక వాషర్ వేశాడు. మళ్లీ ఎగరమన్నాడు. ఇంకొకటి వేశాడు. బజారులో పోయేవాళ్లు ఆగి నవ్వుతున్నారు. ఆయనకది పట్టలేదు. మూడో వాషర్ వేశాక చైన్ రోలర్ నడిమధ్యన నిలబడింది.

"మూడు వాషర్లు. ఒక్కటి తక్కువైనా రోలర్ లోపటికి పోతది, చైన్ పక్కన ఇరుక్కుంటది. వారం తొక్కినంక తీస్కరా, మల్ల సరిజేస్త. అప్పటిదాక నువ్వు పానా పెట్టకు."

"అవ్ చాచా."

ఆ సాయంత్రం నేను బండి తీసుకుని బయల్దేరేలోపు, పక్క షాపువాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి దాన్ని చూపించాడు. "ఫారిన్ సామాను. మనం బిగించినం," అని చెప్పుకుంటుంటే ఆయన గొంతులో ఉత్సాహం నాకిప్పటికీ వినపడుతుంది.

వారం రోజులు చైన్ ఒక్కసారి కూడా పడలేదు. తర్వాత దిగేటప్పుడు కరకరమని రాపిడి మొదలైంది. చాచా రమ్మన్న వారం అదే. కానీ వానలు పడుతున్నాయి, జ్వరాల కాలం, మణుగూరు వెళ్లి రావాలంటే పూట పోతుంది. ల్యాబ్ వరండాలో కూర్చుని నేనే పానా తీశాను. రోలర్ బయటికి ఎక్కువ వచ్చిందనిపించి ఒక వాషర్ తీసేశాను. చప్పుడు పోయింది. వాషర్‌ని మైక్రోస్కోప్ బల్ల సొరుగులో పడేశాను. చాచా చెప్పిన మాట మరిచిపోయి చేసిన పని కాదది. గుర్తుండే చేశాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు పై గూడెంలో ఇంటింటా జ్వరాలు. అన్న, నేను పొద్దున్నే వెళ్లాం. తీసుకెళ్లిన మాత్రలు గంటలోనే అయిపోయాయి. నేను ఇంకా స్లైడ్లు తీస్తూ ఉన్నాను.

"అన్నా, సైకిల్ తీస్కొని నువ్వు దిగు. మాత్రలు పట్టుకొని రా. జల్దీ పో," అన్నాను.

ఆయనకు ఆ సైకిల్ తొక్కడమంటే ఇష్టం. నవ్వుకుంటూ ఎక్కి వెళ్లాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. నేను నడిచి దిగాను. రెండో మలుపు దగ్గర కట్టెలకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆయన్ని నీడకు కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తున్నారు. కుడి మణికట్టు వంకర తిరిగి ఉంది. గడ్డమంతా చీరుకుపోయింది.

"తొక్కిన సారూ, పెడల్ గట్టిగ పట్టేసింది. కాలు జారింది," అన్నాడు.

పొదలో పడున్న సైకిల్‌ని లేపి చూశాను. చైన్ రోలర్‌కీ ప్లేటుకీ మధ్య ఇరుక్కుని ఉంది. చూడగానే నాకు అర్థమైపోయింది.

ఆసుపత్రిలో కట్టు కడుతున్నప్పుడు అందరూ ఏమైందని అడిగారు. "చైన్ గైడ్ సరిగ్గ బిగించలే," అన్నాను. ఎవరు బిగించారని అడిగితే బజారు చాచా అని చెప్పాను. ఆసుపత్రి జీపు డ్రైవర్ ఆ మాటను మర్నాడే మణుగూరు తీసుకెళ్లాడు.

నాలుగో రోజు చాచా బస్సు దిగి వచ్చాడు. చేతిలో అరటిపళ్లు. ముందు అన్న మంచం దగ్గర కూర్చుని బాగోగులు అడిగాడు. తర్వాత వరండాలో ఉన్న సైకిల్ దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. కింది రోలర్ వెనక వేలు పెట్టి తడిమాడు. మళ్లీ తడిమాడు.

"రెండే ఉన్నయ్," అన్నాడు. "మూడు ఏసిననుకున్న."

తల ఎత్తి నా వైపు చూశాడు.

"నువ్వు ముట్టలేదు కదా బేటా?"

ఆ అడగడంలో అనుమానం లేదు. తన లెక్క సరిచూసుకోవడానికి అడిగాడు, అంతే. సొరుగు నాకు ఐదడుగుల దూరంలో ఉంది.

"లేదు చాచా," అన్నాను.

"అయితే నేనే లెక్క తప్పిన," అని లేచాడు. మళ్లీ లోపలికి వెళ్లి అన్న ముందు రెండు చేతులూ జోడించాడు. "నా చేతి తప్పు. మాఫ్ చెయ్ తమ్మీ." అన్న కంగారుపడి, బాగున్న ఒక్క చేత్తో ఆ చేతుల్ని కిందికి దించాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

అన్న మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ చలికాలం ఆయన కల్లు గీయడానికి జీలుగు చెట్టు ఎక్కలేకపోయాడు. చాచా మొదట గేర్ల సైకిళ్లు ముట్టడం మానేశాడు. తర్వాత తను వేసిన ప్రతి బ్రేకునీ పక్క షాపతన్ని పిలిచి చూడమంటున్నాడని, చక్రంలో బేరింగు గోళీలు మూడుసార్లు లెక్కపెట్టుకుంటున్నాడని డ్రైవర్ నవ్వుతూ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి షాపు అల్లుడి చేతికిచ్చి ఇంట్లో కూర్చున్నాడు. మణుగూరు వెళ్తే నేను ఆ వీధిలోకి పోయేవాణ్ణి కాదు. నిజం చెబితే ఉద్యోగం పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎవరూ తీసేసేవాళ్లు కాదు. నలుగురిలో ఒక పూట తల దించుకోవాల్సి వచ్చేది, అంతే.

ఆరేళ్లు గడిచాయి. అప్పటికి నేను జూలూరుపాడులో వేరే ఆసుపత్రికి మారాను. ఏదో పని మీద అటు వచ్చిన అన్న నన్ను చూడ్డానికి వచ్చి భోజనానికి ఆగాడు. అన్నం కలుపుకోవడానికి ఆ వంకర చెయ్యి పడుతున్న అవస్థ చూసి, నేను ఆపుకోలేక అంతా చెప్పేశాను.

"అయిపోయింది గద సారూ," అని నవ్వాడు. కాసేపు తిన్నాక తల ఎత్తాడు. "ఆ ముసలాయనకు చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పినవ్?"

ఆ వచ్చే ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మణుగూరు బస్సెక్కాను. చాచా ఇంటి ముందు రేకుల కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. గొంతు విని గుర్తుపట్టాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఆయన మధ్యలో ఆపలేదు.

"అంటే మూడే ఏసిన," అన్నాడు చివరికి.

"అవ్ చాచా. మూడే."

లోపలున్న భార్యని కేకేసి ఆ మాటే ఉర్దూలో చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గప్పుడే చెప్తే నిన్ను తిట్టి ఇడిసిపెట్టేటోన్ని. ఆరేండ్లు నా చేతుల్ని నేనే నమ్మలే. ఇంట్ల బల్బు మార్చాల్నన్నా అల్లున్ని పిలిచిన."

"మాఫ్ చెయ్ చాచా."

"ఆ పిలగాన్ని నేను అడిగిన మాఫీ. నువ్వు పక్కపొంటి నిలబడ్డవ్." ఆయన మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. "పో బేటా. నీతోని మాట్లాడ బుద్ధయితలేదు."

ఆయన భార్య గేటు దాకా వచ్చి గ్లాసుతో నీళ్లిచ్చింది. నిలబడే తాగి వచ్చేశాను. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. మళ్లీ రమ్మని ఆయన అనలేదు, వెళ్లే ధైర్యం నాకూ రాలేదు.

కొన్ని నెలల తర్వాత మణుగూరు బజారులో, షాపు ముందే ఆయన అల్లుడు ఎదురుపడ్డాడు. నేను వచ్చి వెళ్లిన మర్నాడే మామ పొద్దున్నే షాపుకొచ్చి కూర్చున్నాడట. బెండైన రిమ్ము ఒకటి తెప్పించుకుని, ఎవర్నీ దగ్గరికి రానీకుండా గంటసేపు తిప్పి చూశాడట. కానీ అప్పటికి చూపు నిజంగానే మందగించింది, రిమ్ము ఎక్కడ ఊగుతుందో కనపడలేదు. దాన్ని గోడకి ఆనించి, ఇంటికి నడిచి వెళ్లిపోయాడని చెప్పి, గిరాకీ వచ్చిందని అల్లుడు షాపులోకి వెళ్లాడు.