తడపని మట్టి

పదకొండేళ్లుగా ఒక మనిషి నవ్వుతూ పలకరిస్తే నేను తల తిప్పుకుంటున్నాను. ఈ బరువు ఇంట్లో కూడా దించలేదు. మీకే చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే.

కంబదూరు దగ్గర ఒక బడికి కొత్త గది కడుతుంటే నేను సైటు సూపర్‌వైజర్ని. పునాదిలో గరుసు మట్టి పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి రోలరుతో తొక్కించాలి. తడపకుండా తొక్కిస్తే పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపలంతా గుల్ల. ఆ ఏడు వాన మొహం చాటేసింది. నా చేలో వేరుశనగ ఊడలు దిగే సమయం, అప్పుడు మట్టిలో తడి లేకపోతే కాయ పట్టదు. సైటుకు రావాల్సిన నీళ్ల ట్యాంకరును చేనికి మళ్లించాను. ఒక్కరోజే అనుకున్నాను. ఆరు రోజులు మళ్లించాను.

మట్టి ఎంత గట్టిపడిందో చూసే పరీక్షకు గుంత ఎక్కడ తవ్వాలో చూపించేది కూడా నేనే. ఆ ఒక్క మూలను బిందెలతో తడిపి, దిమ్మిసతో కొట్టించి ఉంచాను. ఎంత తెలివి నాది!

మరుసటి ఏడు వాననీరు లోపలికి దిగి గచ్చు కుంగింది, గోడ నిలువునా చీలింది. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. విచారణకు వచ్చిన ఇంజినీరు అడిగితే, రోలరు డ్రైవరు మస్తాన్ సరిగ్గా తిప్పలేదేమో అన్నాను. మస్తాన్ అక్కడే ఉన్నాడు.

"అన్నా, నువ్వు ఆడే నిలబడి లెక్కపెడ్తాంటివి కదా. చెప్పన్నా."

"నేను చూల్లేదప్పా."

అంతే. అతన్ని పనిలోంచి తీసేశారు. మళ్లీ ఎవరూ రోలరు ఎక్కనివ్వలేదు. ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఆటో నడుపుతాడు. కనిపిస్తే చాలు, ఆపి అడుగుతాడు: "ఈ తూరి సెనక్కాయ ఎట్లుండాదన్నా?"

వేరుశనగ పంట ఎలా ఉందని ఇక్కడ ఎవరైనా అడిగే మాటే. మరి అతనడిగితే నాకు చెమటలెందుకు? ట్యాంకరువాడు చెప్పేశాడా? చెప్పి ఉంటే మస్తాన్ ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నాడు? అతని పేరు వినగానే నా భార్య నా ముఖంలోకి చూస్తుందా, లేక అలా చూస్తుందని నేనే అనుకుంటున్నానా? అసలు నా మీద కూడా నాకు అనుమానమే. పంట కోసం చేశానని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. సరే, నీళ్లు పంట కోసం. అబద్ధం ఎవరి కోసం? సిగ్గులేని మనిషిని.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. మస్తాన్ ప్రతి పొర మీదా ఎనిమిదిసార్లు తిప్పాడు. నేను లెక్కపెట్టాను. తడి లేకపోవడం నా వల్ల. ఇది రాశాక నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. అతని పని మాత్రం అతనికి తిరిగి రాలేదు.