చిన్నాయన చేన్లో వాన

మా చిన్నాయనను చెవి మీద బీడీ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మాటల మధ్యలో అది ఉందో లేదోనని వేలితో తడిమి చూసుకునేవాడు. దగ్గు ముదిరాక, హిప్నాటిజంతో బీడీ మానిపిస్తారని ఎవరో చెబితే, అనంతపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరు కళ్లు మూసుకోమన్నాడు. "మీరు నది ఒడ్డున కూర్చున్నారు. నీళ్లు పారుతున్నాయి," అన్నాడు మెల్లగా.

చిన్నాయన కళ్లు తెరిచాడు. "యాడ సార్ పారేది?"

డాక్టరు నవ్వలేదు. "సరే, మీ చేన్లో వాన పడుతోంది," అన్నాడు.

ఈసారి చిన్నాయన ముఖం మెత్తబడింది. అంతలోనే చెయ్యెత్తి, చెవి మీది బీడీ తీసి, తడవకుండా తువ్వాలు మడతలో దాచుకున్నాడు.

"తడవనీయండి," అన్నాడు డాక్టరు.

చాలాసేపటికి చిన్నాయన ఆ బీడీని బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని వానకు చాపాడు.

ఆ తర్వాత బీడీ మీద మనసు పోయినప్పుడల్లా, ఎండిన వేరుశనగ చేను గట్టున కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఒకరోజు అన్నానికి పిలవబోతే, కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండప్పా. కండ్లు తెరిస్తే వాన నిలిచిపోతాది."