సారు పేరు మీద ఉండిపోయిన మాట

తిరుపతి బస్టాండు గోడకు పొద్దున్నే ఎవరో పోస్టర్లు అంటిస్తున్నారు. ఉడికించిన మైదా జిగురు వాసన నేనెక్కిన ఆటోలోకి గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మునిరత్నం సారు గుర్తొస్తారు. నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఆయన చాలా ఏళ్ళు పౌరసంబంధాల అధికారి. పత్రికల్లో మా గురించి వచ్చిన ముక్కల్ని కత్తిరించి, ఇంటినుంచి తెచ్చుకున్న జిగురుతో రిజిస్టరులో అంటించేవారు. పొగిడినవి తక్కువ, తిట్టినవి ఎక్కువ. "పొగిడింది యాడికీ పోదు పాపా, తిట్టిందే మనం మర్సిపోతాం" అనేవారు. సోషల్ మీడియా చూసుకోవడానికి నన్ను చేర్చుకున్న కొత్తల్లో ఆ రిజిస్టరు చూసి నవ్వుకునేదాన్ని. అంతకు పదింతలు తిట్లు రోజూ నా ఫోనులోనే ఉండేవి మరి.

ఆయనకొక పట్టుదల ఉండేది. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోయి గొడవైతే, మా ప్రకటన ముందు ఆ ఇంటివాళ్ళకు చదివి వినిపించాలి. పత్రికలకు వెళ్ళేది ఆ తర్వాతే. ఒకసారి శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పనివాళ్ళ ఇంటికి నన్నూ వెంటబెట్టుకుపోయారు. చనిపోయినాయన భార్య ఎదుట నేలమీద కూర్చుని నాలుగు వాక్యాలు మెల్లగా చదివారు. "పెద్దాయన అని రాసినావు సామీ. ఆయనకు నలభై ఆరే" అందామె. సారు పెన్ను తీసి ఆ మాట అక్కడే కొట్టేశారు. తిరుగు బస్సులో నేను విసుక్కున్నాను. "ఈలోపల ఊరంతా ఏదేదో రాసేస్తారు సార్."

"రాసుకోనీలే. వాళ్ళు మన మాటను ఊరోళ్ళ నోట ఇనకూడదు పాపా."

నాకది పాతకాలపు చాదస్తంలా అనిపించింది.

పాకాలనుంచి వచ్చిన పదిహేనేళ్ళ అమ్మాయి జ్వరంతో చనిపోయిన రోజు, గేటు దగ్గర ఆమె మేనత్త గుండెలు బాదుకుంటూ మమ్మల్ని శపించడం ఎవరో వీడియో తీశారు. సారు ఆ కుటుంబంతో పాటే వ్యానులో పాకాలకు బయల్దేరారు. "నేను సదివి ఇనిపించి ఫోన్ సేస్తా. అంతదాకా ఏమీ పెట్టొద్దు" అని మరీ చెప్పారు. గంట తిరక్కుండా వీడియో జిల్లా అంతా పాకింది. పైవాళ్ళు నా బల్ల చుట్టూ మూగారు. వాళ్ళు తొందరపెట్టిన మాట నిజమే గానీ, వాక్యం మాత్రం నాదే. కుటుంబసభ్యులు ఆలస్యంగా తీసుకురావడం వల్లే అని రాసి పెట్టేశాను. వాళ్ళు ఆలస్యం చెయ్యలేదు. మొదటిరోజే తెచ్చారు. మాత్రలిచ్చి ఇంటికి పంపింది మేమే. ఆ మొదటిరోజు రాసిచ్చిన మందుల చీటీ తెప్పించి చూసే ఓపిక కూడా నాకు లేకపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, లైకులు పెరుగుతుంటే సంతోషపడ్డాను కూడా.

వ్యాను పాకాల చేరేసరికి ఆ మాట వాళ్ళ వీధిలో అందరి ఫోన్లలోనూ ఉంది. ఆ తర్వాత జరిగింది నాకు వ్యాను డ్రైవరు చెప్పాడు. అమ్మాయి నాయన ఫోను ముందుకు చాపి, "ఎవురు సామీ ఇది రాసినోళ్ళు?" అన్నాడట. సారు చేతులు జోడించి, "నేనే అప్పా. తప్పు రాసినాను" అన్నారట. ఆఫీసులోనూ అదే చెప్పారు. మొదట పోస్టు తీసేశారు, వారం తిరిగేలోపు ఆయన్ను తీసేశారు. రాసింది నేనని తెలిసిన పైవాళ్ళకు అదే అనుకూలమైంది, నాకూ.

ఆయన బల్ల సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.

"ఏడవొద్దు. నీకు ఉద్యోగం కావాల. నాకు ఇంట్లో కూసున్నా జరుగుతాది. ఒక పని మాత్రం సెయ్యి. ఎప్పుడన్నా పాకాలకు పోయి ఆ బిడ్డ నాయనకు నువ్వే సెప్పు. నా కోసరం కాదు. తప్పని నేను సెప్తే, ఊరికే ఓదారుస్తా ఉండాననుకున్నాడు. సీటీ సూడకుండా రాసినానని నువ్వు సెప్తే నమ్ముతాడు."

"పోతాను సార్" అన్నాను. పాకాల ఎంతో దూరం కాదు. మొదట ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తర్వాత ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. సారు ఎప్పుడు ఫోన్ చేసినా నా ఆరోగ్యం అడిగేవారు, మా అమ్మను అడిగేవారు, ఆ మాట మాత్రం ఎత్తేవారు కాదు. అడిగి తిట్టినా బాగుండేది.

పోయిన ఏడాది ఆయన గుండెపోటుతో పోయారు. ఆసుపత్రి పేజీలో సంతాపం రాసింది నేనే. ఆయన భార్యకు చదివి వినిపించి, ఆమె తలూపాకే పెట్టాను. సాయంత్రానికి దాని కింద పాకాల అమ్మాయి నాయన కామెంటు కనబడింది.

"మా బిడ్డను మేమే ఆలస్యం సేసినామని రాసినాయన ఈయనే. ఆ పొద్దు తప్పు రాసినానని సెప్పినాడు. మాకోసం అట్ల సెప్పినాడేమో. తప్పు మాదో కాదో ఇంగ ఎవుర్ని అడగాల?"

ఇలాంటివాటిని ఏం చెయ్యాలో నా వేలికి బాగా అలవాటు. ఆ కామెంటును దాచేశాను. మా పేజీలో దాచినది లోకానికి కనపడదు గానీ, రాసినవాళ్ళకు మామూలుగానే కనిపిస్తుంది. ఆయన ప్రశ్న ఆయనకు ఈరోజుకీ అక్కడే ఉంది, ఎవరూ జవాబివ్వలేదంతే. నేనింకా పాకాలకు వెళ్ళలేదు.