ఉంచుకున్నది

తిరుత్తణిలో కాపురం ఉండడం వల్ల నాకు కలిగిన లాభం ఒకటుంది. కీమోకు జుట్టంతా రాలిపోయి గుండుతో తిరుగుతున్నా నన్నెవరూ వింతగా చూడలేదు. కొండ మీది స్వామికి తలనీలాలు ఇచ్చినవాళ్ళు మా వీధుల్లో ఏ రోజైనా ఉంటారు. తిరువళ్ళూరు ఆసుపత్రికి బస్సెక్కితే పక్క సీటామె, "మొక్కు తీరిపోయిందా అక్కా? నల్లదు, నల్లదు" అని, మంచిదంటూ అరవంలో సంతోషపడింది. తీరిందన్నాను. కనుబొమలు కూడా మొక్కుకున్నానా అని ఆమెకు అనుమానం రాలేదు.

కీమో బాగానే పనిచేసింది. రొమ్ములో నిమ్మకాయంత ఉన్న గడ్డ చేతికి తగలకుండా పోయింది. అయినా ఆపరేషన్ తప్పదంది డాక్టరమ్మ. గడ్డ ఉన్న చోటు తెలియడానికి మొదట్లోనే లోపల చిన్న లోహపు ముక్క గుర్తుగా పెట్టి ఉంచారట. ఆ చోటూ, దాని చుట్టూ కొంచెమూ తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తే సరిపోతుందట. మొత్తం తీయించుకుంటామన్నా తీస్తామంది.

నా మగడు చీరల వ్యాపారి. నేను నోరు తెరిచేలోపే బేరం తెంచేశాడు.

"మొత్తం తీసేయండి మేడం. పిల్లోళ్ళు పెద్దోళ్ళయిపోయినారు. ఇంక దాంతో ఏం పని?"

భయంతోనే అన్నాడని తెలుసు. అయినా ఒళ్ళు మండింది. పనికిరానివన్నీ తీసేసేట్టయితే ముందు మా ఇంట్లోంచి ఆయన పాత స్కూటరు పోవాలి.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా, మీకేం కావాలి?" అంది. నా విషయంలో రెండు దారులకూ ప్రాణానికి ఒకే భరోసా అని ఇంకోసారి అడిగి తెలుసుకున్నాను. "ఉంచండి" అన్నాను. యాభై దాటిన ఆడది ఆ మాట అనడానికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే అన్నాను.

ఇంటికొచ్చాక మా అత్తకు అన్నీ చెప్పాడు ఆయన. ఆవిడ వింటూ కొడుకు కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది. కొడుకు పక్షమే అనుకున్నాను.

ఆపరేషన్ అయింది. చంక కింద నీరు పోవడానికి పెట్టిన గొట్టంతో ఇల్లు చేరాను. తీసిన ముక్క అంచుల్లో జబ్బు కనిపిస్తే మళ్ళీ కోయాలి, అప్పుడు మొత్తం పోయినా పోవచ్చు. రిపోర్టు వచ్చేదాకా ఆయన మంచం పక్కన కాఫీ పెట్టి, గబగబా వెళ్ళిపోయేవాడు. ఎందుకు మొండికేశానా అని నాకూ లోపల భయంగానే ఉండేది.

అంచులు శుభ్రంగా ఉన్నాయని ఫోన్ వచ్చింది. ఆయన వాకిట్లోకి పోయి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఆ సాయంత్రం అత్త వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి నా వీపు తుడుస్తూ, "యాడ కోసినారు? చూపించమ్మీ" అంది. చూపించాను. ఒక పక్క కాస్త పల్లమైంది, ఒక గీత ఉంది, అంతే. ఆవిడ చాలాసేపు చూసింది.

"నా గర్భసంచి తీసేసినప్పుడు నీకంటే చిన్నదాన్ని. మీ మామ సంతకం పెట్టేసినాడు. నన్నెవురూ అడగలా."

"అడిగుంటే ఏం చెప్పేదానివత్తా?"

ఆవిడ గుడ్డ పిండి మళ్ళీ నీళ్ళలో ముంచింది.

"ఎవురైనా అడిగుంటే గదమ్మీ, నాకూ తెలిసేది."