ప్రాక్టికల్ మార్కుల కోసం పెట్టిన వ్యాపారాలు

కరోనా తర్వాత కాలేజీలు మళ్ల తెరిచిన ఏడాది, సిరోంచల మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ సాబ్ నాకు రెండు పనులు అప్పజెప్పిండు. నేను కామర్స్ లెక్చరర్‌ను, రిటైర్మెంటుకు ఇంక మూడేండ్లు ఉండె. ఒకటి, యూనివర్సిటీ పెట్టిన ‘ఉద్యోజకత’ పేపరు, అంటే సొంత వ్యాపారం పెట్టుడు ఎట్లనో నేర్పే పాఠం. రెండోది, పాసైన పిల్లలకు కొలువులు చూసే ప్లేస్‌మెంట్ సెల్. పొద్దుగాల క్లాసుల కొలువు వెంట పడొద్దని చెప్పాలె, పగటీలి అదే పిల్లలకు కొలువు వెతకాలె. మొదటి రోజు నుంచే నాకు మనసు నిలకడ లేదు.

పేపరుకు సగం మార్కులు ప్రాక్టికల్‌వి. విద్యార్థి ఏదన్న చిన్న వ్యాపారం చేసి చూపియ్యాలె. ఎవరు చేసిండ్రు, ఎవరు చెయ్యలే అని ఊరూరు తిరిగి చూసే ఓపిక నాకెక్కడిది? ఫోన్ల పది నిమిషాలల్ల సర్కారు రిజిస్ట్రేషన్ అయితది, సర్టిఫికెట్ వస్తది. అది తెచ్చినోళ్లకు మార్కులు వేసిన. క్లాసంతా తెచ్చింది. తనిఖీకి వచ్చిన యూనివర్సిటీ వాళ్లు గోడ నిండ ఆ కాయితాలు చూసి శభాష్ అన్నరు. నేను ఉబ్బిపోయిన, అబద్ధమెందుకు.

ఎండకాలంల అహేరిల ఒక వడ్ల గోదాము కంపెనీ అసిస్టెంట్ కావాలన్నది. మా నస్రీన్ పేరు పంపిన. బీకాం ఆఖరు సంవత్సరం, తండ్రి సిరోంచ బజార్ల దర్జీ. రెడీమేడ్ బట్టలొచ్చి ఆయన మిషన్ సగం రోజులు ఖాళీగనే ఉంటుండె. ఇంట్ల నెల జీతమనేది ఎవరికీ లేదు. రాత పరీక్షల నస్రీనే ఫస్టు. అయినా వారంలనే కాదని జవాబు వచ్చింది. సొంత వ్యాపారం ఉన్నోళ్లు కంపెనీ రైతులతోని తమ బేరాలు పెట్టుకుంటరట. దరఖాస్తుకు ఉన్న సర్టిఫికెట్లన్నీ జోడించుమని చెప్పింది నేనే. అండ్ల మార్కుల కోసం తీసిన కాయితం మీద ఆమె వ్యాపార యజమాని.

నస్రీన్ స్టాఫ్ రూముకు వచ్చి నిలబడ్డది. “సార్, జర ఏమన్న చెయ్యుండ్రి. అబ్బాకు ఇంక చెప్పలే” అన్నది. కాలేజీ లెటర్‌హెడ్ తీసి, ఈ అమ్మాయి ఏ వ్యాపారం చెయ్యలే, మార్కుల కోసం నేనే కాయితం తీయించిన అని రాసుడు మొదలువెట్టిన. తనిఖీ వాళ్లకు తెలిస్తే నా పరువేంగాను? రెండు మాటలకోసారి చెయ్యి ఆగుతనే ఉండె.

ఆమె చూసి, “గట్ల రాయొద్దు సార్. నేను చేసిన” అన్నది.

“ఏం చేసినవ్ బిడ్డా?”

“సంచులు కుట్టిన సార్. కోతలప్పుడు రైతుల తాన చినిగిన గోనె సంచులు తెచ్చి, అమ్మీ, నేను దబ్బనంతోని కుట్టి ఇచ్చినం. మీరు అడగలే, నేను చెప్పలే.”

ఏడాది పొడుగూత పాఠం చెప్పిన మనిషిని. ఆ ఒక్క మాట అడగలేకపోయిన. సిగ్గేసింది.

కాయితం చింపి మళ్ల రాసిన. ఒక కోతల కాలం చేసింది, ఇప్పుడు మానేసింది అని. కూసున్నకాడనే రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, తెల్లారి ఇద్దరం బస్సెక్కి అహేరి పోయినం. దారంతా ఆ కాయితం తీసుడు, మడుసుడు, ఇదే నా పని.

మేనేజరు అది చదివి, నస్రీన్‌ను గోదాములకు తీస్కపోయిండు. చినిగిన సంచి ఒకటి చూపిచ్చి, ఎట్ల చినిగిందని అడిగిండు. ఎలుక కొరికింది కాదు, హమాలీ కొక్కెం గుంజింది, పోగులు ఒక్క దిక్కే తెగినయని ఆమె తడుముకోకుండ చెప్పింది. ఇంకో మూడు సంచులు చూపిచ్చిండు, అవీ చెప్పింది. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నడు.

ఇగ నేను క్లాసు పిల్లలను పిలిచి, ఏం చేసిండ్రని ఒక్కొక్కరినే అడిగిన. కాయితం తీసినం, గంతే సార్ అన్నరు. గోడ మీద ఉన్న వాటిల్ల నిజమైన వ్యాపారం నస్రీన్‌ది ఒక్కటే. దాన్నే నేను అందరికంటె ముందు మూయించిన.

రిటైరయ్యేదాక మళ్ల సర్టిఫికెట్‌కు మార్కులు వెయ్యలేదు. వ్యాపార పాఠం చదివితే కొలువు వస్తదా అని ఇప్పటికీ అడుగుతరు. పని చేసినోళ్లకు వస్తది, ఏం చేసినవని అడిగేటోడు దొరికితే. నస్రీన్‌ను ముందుగాల అడగాల్సింది నేను, అడిగింది గోదాము మేనేజరు.