ఒర్లే పౌడరు

“గట్టు కాడనే ఆగు సారూ. నీ పౌడరు ఒర్లుతాంది.”

హాతీరాంకు వాసనలు వినిపిస్తాయి; ఘాటువైతే అరుస్తాయి. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. టేకులపల్లి అవతలి తండాలో ఆయన పత్తిచేనుకు కంచె అంతంతమాత్రమే అయినా, మొహం కడుక్కోకుండా లోపల అడుగుపెట్టినవాళ్లు లేరు. వ్యవసాయాఫీసు కోటేష్ ఖానాపురం హవేలిలో పౌడరు మొహంతో బండెక్కి, ఇక్కడ తడిమొహంతో నిలబడడం 2006 వానాకాలమంతా జరిగింది. అత్తరు పూసుకొచ్చిన కొత్తల్లుడికైతే అన్నం గట్టుమీదికే వచ్చింది. మామగారు పలకరించింది కూడా గాలివాలు చూసుకునే.

“మొక్కలు గుసగుసలాడుకుంటయి సారూ. నడుమ నువ్వు బ్యాండుమేళం పెడితే ఎట్ల?”

ఆ ఏడు కాయతొలిచే పురుగు విరగబడింది. ఎక్కువ భయం పక్కచేను సక్రిది. నిరుడు మందు కొడుతూ పడిపోతే, ఇక పంపు ముట్టొద్దన్నారు దవాఖానాలో. పురుగులు చేత్తో ఏరుదామంటే చూపానదు. ఈ పంట పోతే అశ్వారావుపేట తోటల్లో కూలికి పోవాల్సిందే. అయినా ఎవరైనా సాయం చేస్తామంటే చీపురు తీస్తుంది.

కోటేష్ దగ్గరున్న ఉపాయం ఒక్క చేనుకే సరిపోతుంది. డబ్బాల్లో పెంచిన ఇరవై పత్తిమొక్కల మీద ఒక ద్రావణం చల్లి హాతీరాంకు ఇచ్చాడు. అవి పురుగు కొరకకుండానే కొరికినట్టు వాసన విడుస్తాయి. అది పసిగట్టి అడవిలోంచి నువ్వుగింజంత కందిరీగలొచ్చి పురుగుల ఒంట్లో గుడ్లు పెడతాయి. అక్కడితో పురుగు కథ సరి. గాలి పడమటిది కాబట్టి డబ్బాలు పడమటి గట్టున పెట్టమని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అవి తూర్పు గట్టునే కనిపించాయి.

ఇవాళా అంతే. పొద్దుటెండలో చేను ఇంకా నిద్ర తీరనట్టుంది. హాతీరాం అరచేతిలోంచి దూదిపింజ వదిలి, అది ఊగుతూ తేలుతూ పోతుంటే కలలో ఉన్నవాడిలా చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో కోటేష్‌కూ ఏదో గుసగుస వినిపించినట్టే అయింది. అంతలో కాయల్లో తూట్లు కనిపించాయి.

“గాలి ఎటు పోతాందో నీకు తెల్వదా పెద్దాయనా? నీ చేనంతా పురుగు తింటాంది.”

పింజ తూర్పు గట్టు దాటి సక్రి చేలో వాలింది. అక్కడ కాయలు ఒక్క తూటు లేకుండా నిగనిగలాడుతున్నాయి.

కోటేష్ నోరు తెరిచాడు. హాతీరాం మెల్లగా అన్నాడు: “నాకు ముక్కుంది, కండ్లున్నయి. ఏరుకుంట.”

తర్వాత ఆమె చేనువైపు గడ్డంతో చూపించాడు.

“అటుకెల్లే పో. పురుగేమైందని అడిగితే, ఈయేడు గాలి మంచిగుందని చెప్పు. మెల్లగ చెప్పు సారూ, నీ పౌడరు లెక్క ఒర్లకు.”