రబ్బరు రాక్షసుడి వకీలు

శంషాబాద్ కొత్త ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో ఉదయభాస్కర్ క్యారేజీ విప్పాడంటే పాత అంతరిక్ష సీరియల్ మీద వాదన మొదలైనట్టే. జనం ఛీకొట్టిన ఎపిసోడ్లంటేనే ఆయనకు ప్రాణం. "గా రబ్బరు రాక్షసుని వీపు మీద జిప్పు కనబడ్తుంది గదన్నా!" అని మంఖాల్ నుంచి వచ్చే హరిప్రసాద్ నవ్వితే, "జిప్పు కాదండీ, అది వెన్నెముక" అంటూ, అందరికీ వడ్డించే ఆవకాయ సీసా అతనికి అందకుండా లాక్కునేవాడు. చివరికి ఆ రాక్షసుడి ఎపిసోడ్ సీడీ అతనికి అంటగట్టాడు. మర్నాడు హరిప్రసాద్ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "చూసిన అన్నా. అందరు అంతరిక్ష ఓడెక్కి పోయినంక గా రాక్షసుడొక్కడే మిగుల్తడు సూడు... ముద్ద దిగుతలేదు." ఉదయభాస్కర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆవకాయ సీసా అతని ముందుకు జరిపాడు. "అది జిప్పేలెండి" అన్నాడు.